ఇంట్లో హ్యాండిల్ గ్రిప్పులు మార్చుకోవడం చట్టరీత్యా నేరమా?

ప్రశ్న: మాది తిరుపతి. రెండేళ్ళ క్రితం కొన్న నా మోటార్‌సైకిల్ గ్రిప్పులు ఎండకు జిగటగా మారి చేతికి అంటుకుంటున్నాయని, ఆన్‌లైన్‌లో 380 రూపాయలకు కొత్త జత తెప్పించి ఇంట్లోనే మార్చుకున్నాను. పాతవి బ్లేడుతో కోసి తీశాను. ఎడమ వైపుది ఎక్కకపోతే సబ్బు నీళ్ళు రాసి తోశాను. మూడు వారాల తర్వాత తిరుమల నుంచి వానలో దిగి వస్తుంటే ఒక మలుపులో ఎడమ గ్రిప్ చేతిలోనే తిరిగిపోయి పట్టు తప్పింది, బండి పడింది. నా మోకాలికి దెబ్బ తగిలింది, ట్యాంకు సొట్టపడింది, క్లచ్ లివర్ విరిగింది. వేరెవరికీ ఏమీ కాలేదు. బండికి మార్పులు చేయడం నేరమనీ, 5,000 రూపాయల జరిమానా పడుతుందనీ ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ చెప్పారు. గ్రిప్పులు బయటివి కాబట్టి వారంటీ మొత్తం పోయినట్టేనని సర్వీస్ సెంటర్ వారు అంటున్నారు. బీమా క్లెయిమ్ ఇంకా వేయలేదు. నేను చేసింది నేరమా? బీమా వస్తుందా? గ్రిప్పులు అమ్మినవారిని అడగవచ్చా?

జవాబు: మీరు అడిగినవి విడివిడి ప్రశ్నలే అయినా, సొంత బండిని సొంత చేతులతో బాగుచేసుకోవడమే తప్పయిందేమోనన్న భయం అన్నిటి వెనకా కనిపిస్తోంది. ముందు ఆ భయం వదిలిపెట్టండి. గ్రిప్పులను ఫలానా మెకానిక్కే మార్చాలనీ, షోరూమ్‌లోనే మార్పించాలనీ మోటారు వాహనాల చట్టం, 1988 ఎక్కడా చెప్పదు. బండి రోడ్డెక్కినప్పుడు ఏ స్థితిలో ఉందన్నదే ఆ చట్టం చూస్తుంది. మీకు ఇబ్బంది ఉన్నదల్లా ఆ బండి స్థితి విషయంలోనే కనుక, దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

కానిస్టేబుల్ గారు చెప్పినది ఆ చట్టంలోని 52వ సెక్షన్ గురించి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో నమోదైన వివరాలు, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలతో సరిపోలకుండా పోయేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. ‘మార్పు’ అంటే ఏమిటో కూడా దాని కిందనే వివరణ ఉంది: వాహనం నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని ప్రాథమిక లక్షణం మారిపోతే, అదే మార్పు. ఒకసారి మీ ఆర్సీ తీసి చూడండి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, సిలిండర్ల సంఖ్య, సీసీ, ఇంధనం, రంగు, సీట్ల సంఖ్య, ఖాళీ బండి బరువు వంటివి కనిపిస్తాయి. గ్రిప్పుల ప్రస్తావన ఉండదు. అరిగిన టైరు తీసి అదే కొలత టైరు వేయించుకోవడం ఎలాంటిదో, అరిగిన రబ్బరు తీసి అదే చోట అదే పని చేసే రబ్బరు తొడగడం అలాంటిదే. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 52వ సెక్షన్‌ను వ్యాఖ్యానించిన తర్వాత, బండికి ఏది మార్చినా నేరమేనన్న మాట జనంలోకి వెళ్ళిపోయింది. ఆ తీర్పు తయారీదారు మూల నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం గురించి చెప్పింది. అరిగిపోయే విడిభాగాల మార్పిడిని అది నిషేధించలేదు.

5,000 రూపాయల అంకె 182ఎ సెక్షన్ 4వ ఉపసెక్షన్ నుంచి వచ్చింది. చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. 2019 సవరణతో చేరిన నిబంధన ఇది. అయితే 52వ సెక్షన్ ప్రకారం అది మార్పే కానప్పుడు ఈ శిక్షకు తావు లేదు. రేపు ఎవరైనా ఈ సెక్షన్ కింద చలానా రాస్తే, తొందరపడి కట్టేయకండి. అది 200వ సెక్షన్ కింద రాజీ చేసుకోదగిన నేరాల్లో ఒకటి. డబ్బు కట్టిన క్షణాన వ్యవహారం ముగిసిపోతుంది, మీ వాదన వినిపించే అవకాశం మిగలదు. చలానాను ఒప్పుకోవడం లేదని చెప్పి కోర్టుకు వెళ్ళే హక్కు మీకు ఉంది. గ్రిప్పు కారణంగా బండిని పట్టి ఉంచే అధికారం కూడా పోలీసులకు లేదు. 207వ సెక్షన్ కింద వాహనాన్ని నిర్బంధించడానికి డ్రైవింగ్ లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ వంటివి లేకపోవడమే ప్రధానంగా కారణాలు.

ఇక్కడే ఒక గందరగోళం తీర్చాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 123వ నిబంధన మోటార్‌సైకిల్‌కు ‘హ్యాండ్ గ్రిప్’ శాశ్వతంగా ఉండాలంటుంది. దాన్ని చూపి హ్యాండిల్ గ్రిప్ తీయడమే నేరమని వాదించిన వారిని నేను చూశాను. ఆ నిబంధన వెనక కూర్చునేవారి కోసం పెట్టినది. వారు పట్టుకోవడానికి సీటు పక్కనో వెనకో ఉండే కడ్డీ, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రానికి కనీసం సగం వరకు కప్పు ఉండాలని అది చెబుతుంది. మీ చేతుల కింద ఉండే రబ్బరుకూ దానికీ సంబంధం లేదు.

ఇక మీకు నిజంగా ఇబ్బంది తెచ్చిపెట్టగలిగినది మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్. బండిలో లోపం ఉందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్త తీసుకుని ఉంటే తెలిసేదై ఉండి, ఆ లోపం ప్రమాదానికి దారితీసేటటువంటిదైతే, అటువంటి బండిని బహిరంగ స్థలంలో నడపడం నేరం. జరిమానా 1,500 రూపాయలు. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఒకరికి గాయమో, ఆస్తికి నష్టమో కలిగితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. వెనక సీటులో మీ ఇంటివారు ఉండి, వారికి ఎముక విరిగి ఉంటే, భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్‌లోని తీవ్ర గాయం భాగం కింద కేసు నమోదయ్యే పరిస్థితి. అక్కడ శిక్ష మూడేళ్ళ వరకు వెళ్తుంది. దెబ్బ మీ మోకాలితో ఆగింది కనుక ఆ సెక్షన్ ఇప్పుడు మీ దగ్గరికి రాదు.

‘మామూలు జాగ్రత్త’ అన్న ఆ మాట మీదనే మొత్తం నిలబడి ఉంది. గ్రిప్పు విషయంలో మామూలు జాగ్రత్త అంటే ఏమిటని కోర్టు అడిగితే, బండి గురించి తెలిసిన వారెవరైనా చెప్పే సమాధానం ఒకటే. సబ్బు నీళ్ళు రాస్తే గ్రిప్పు సులువుగా ఎక్కుతుంది, నిజమే. కానీ ఆ సబ్బు లోపలే ఎండిపోయి, వాన పడినప్పుడో చెమటకో మళ్ళీ కరిగి జారుడు పట్టిస్తుంది. మీ ఎడమ గ్రిప్పుకు జరిగింది అదేనని నా నమ్మకం. కొబ్బరి నూనె, గ్రీజు రాయడం ఇంకా ప్రమాదం. హ్యాండిల్ కడ్డీని స్పిరిట్‌తో తుడిచి, పాత జిగురు గీకి, గ్రిప్పుల కోసం అమ్మే జిగురు పలుచగా రాసి తొడగాలి, ఆ తర్వాత జిగురు డబ్బా మీద రాసినంతసేపు బండిని కదపకుండా ఆరనివ్వాలి.

కుడి వైపు గ్రిప్పుకు ఇంకా జాగ్రత్త కావాలి. అది కడ్డీ మీద నేరుగా కూర్చోదు. యాక్సిలరేటర్ తిప్పే ప్లాస్టిక్ గొట్టం మీద కూర్చుంటుంది. అందుకే జతలో కుడి గ్రిప్పు లోపలి రంధ్రం ఎడమదానికంటే పెద్దది. మన బండ్లలో చాలావాటి కడ్డీ మందం 22 మిల్లీమీటర్లు, ఆ గొట్టం అంతకంటే లావు. పాతది కోసేటప్పుడు బ్లేడు ఆ గొట్టాన్ని గీరినా, జిగురు గొట్టానికీ కడ్డీకీ మధ్యకు కారినా, యాక్సిలరేటర్ తిప్పిన చోటే నిలిచిపోవచ్చు. గ్రిప్పు అంచు స్విచ్ బాక్సుకు ఒరుసుకుంటున్నా అదే ప్రమాదం, కాబట్టి రెండింటి మధ్య సన్నని సందు వదలాలి. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీదనే మనం ఇప్పుడు కొండ దిగుతున్నాం. ఆ వంపుల్లో యాక్సిలరేటర్ వెనక్కి రాకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, రెండు చోట్లా యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టక్కున మూసుకోవాలి. గ్రిప్పును గట్టిగా మెలిపెట్టినా కదలకూడదు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. అది చేసి సెల్‌ఫోన్‌లో చిన్న వీడియో తీసి పెట్టుకున్నవారికి, రేపు కోర్టులో తాము జాగ్రత్త తీసుకున్నామని చూపడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ప్రమాదం కేసు నమోదైనప్పుడు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ బండిని తనిఖీ చేసి నివేదిక ఇస్తారు. యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరిగిందా లేదా అన్నది అందులో ఆయన రాసే ఒక్క వాక్యం. మా వంటి వకీళ్ళం ఆ వాక్యం మీదనే గంటలకొద్దీ వాదిస్తుంటాం. మీ విషయంలో ఫిర్యాదు లేదు, ఎఫ్ఐఆర్ లేదు, గాయపడిన మూడో వ్యక్తి లేరు. అందువల్ల అంత దూరం వెళ్ళే అవకాశం నాకు కనిపించడం లేదు.

బీమాకు వస్తే, క్లెయిమ్ వేయండి. గ్రిప్పు మీరే మార్చారన్న సంగతి మాత్రం దాచకండి. నిజం దాచిన క్లెయిమ్‌ను తిరస్కరించడానికి కంపెనీకి గట్టి కారణం మీరే ఇచ్చినట్టవుతుంది. సొంత నష్టానికి కూడా వర్తించే పాలసీ అయితే, బండిని మంచి స్థితిలో ఉంచడానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలన్న షరతు అందులో ఉంటుంది. కంపెనీ దాన్ని మీ మీద ప్రయోగించవచ్చు. షరతు ఉల్లంఘన జరిగిందనీ, దానివల్లే ప్రమాదం జరిగిందనీ నిరూపించాల్సిన భారం మాత్రం కంపెనీదే. వాన, మలుపు, తడి రోడ్డు కూడా కారణాలై ఉండవచ్చు కదా. క్లెయిమ్ తిరస్కరిస్తే, ముందు కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా సరైన జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు ఉండదు, వకీలు అవసరం లేదు. మీ పాలసీ థర్డ్ పార్టీకి మాత్రమే అయితే ట్యాంకు, లివర్ ఖర్చు మీరే భరించాలి.

వారంటీ మొత్తం పోయిందన్న మాట ఒప్పుకోదగినది కాదు. వారంటీ మీకూ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం. ముందు ఆ పుస్తకంలోని మినహాయింపులు చదవండి. గ్రిప్పు మార్చినందువల్ల ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో ఏం హాని జరిగిందో చూపకుండా వాటి మీద హామీ రద్దు చేస్తామనడం అన్యాయం. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో, బయటి మెకానిక్ చేత పని చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టకూడదనీ, తప్పుగా చేసిన పని వల్ల కలిగిన నష్టం మేరకే దాన్ని నిరాకరించవచ్చనీ ఆదేశించింది. ఆ ఉత్తర్వు కార్లకు సంబంధించినది కనుక మీ బండికి నేరుగా వర్తించదు. కానీ వినియోగదారుల కమిషన్ ముందు వాదించడానికి అందులోని న్యాయం బలమైన ఆసరా. వారంటీ రద్దు చేస్తున్నామని కారణంతో సహా రాసి ఇవ్వమని సర్వీస్ సెంటర్‌ను అడగండి. నోటిమాటగా అనేది కాగితం మీద పెట్టాల్సి వచ్చినప్పుడు చాలామంది మాట మార్చుకుంటారు.

గ్రిప్పులు అమ్మినవారి మీద మీ కేసు అంత బలంగా లేదని నిజాయితీగా చెప్పాలి. వస్తువును సరిగా వాడకపోవడం వల్ల హాని జరిగితే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ అమ్మకందారుకు రక్షణ ఇస్తుంది. సబ్బు నీళ్ళ సంగతి మీరే రాశారు. అయితే అదే చట్టంలోని 84వ సెక్షన్ మరో మాట చెబుతుంది. హాని జరగకుండా ఎలా వాడాలో తగిన సూచనలు గానీ, తప్పుగా వాడితే ఏమవుతుందన్న హెచ్చరిక గానీ ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడవుతాడు. మీకు వచ్చిన కవరులో జిగురు వాడాలన్న కాగితం ఉందా? మీ బండి మోడల్‌కు సరిపోతుందని రాసి అమ్మి, కొలత సరిపోనివి పంపారా? ఈ రెండింటిలో ఏది మీ వైపు ఉన్నా ఫిర్యాదు చేయదగినదే. ముందు ఆ సైటు ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా మీరు నివసించే చోటనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు మీరు చెల్లించిన మొత్తం 5 లక్షలకు మించనప్పుడు కోర్టు ఫీజు ఉండదు. ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయాలి.

వీటన్నిటి కోసం ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది: ఆధారాలు పోకుండా చూసుకోండి. బిల్లు, కవరు, కోసిన పాత గ్రిప్పులు పారేయకుండా ఒక సంచిలో వేసి పెట్టండి. సర్వీస్ సెంటర్‌లో బండి ఉంటే, బీమా సర్వేయర్ వచ్చి చూసి ఫోటోలు తీసుకునేవరకు ఆ ఎడమ గ్రిప్పును తీయవద్దని, తుడవవద్దని ఈ రోజే వారికి రాతపూర్వకంగా చెప్పండి.