ఆఫీసులో 'వారు' అని పిలవమని అడిగితే సర్టిఫికెట్ తెమ్మంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. నన్ను నేను ఆడగానూ అనుకోను, మగగానూ అనుకోను. నాన్‌బైనరీ అంటారు కదా, అదీ నేను. ఆరు నెలల కింద టీమ్‌కి మెయిల్ పెట్టి, ఇంగ్లిష్‌లో 'దే' అనండి, తెలుగులో 'వారు' అనండి, పేరు ముందు 'మిస్' తీసేయండి అని అడిగాను. చాలామంది మారారు. మా టీమ్ లీడ్ మాత్రం రోజూ పొద్దున మీటింగ్‌లో 'అది వచ్చిందా, వాడు వచ్చాడా' అంటూ అందర్నీ నవ్విస్తున్నాడు. హెచ్‌ఆర్‌కి చెబితే ప్రభుత్వ సర్టిఫికెట్ తెస్తే చూస్తామన్నారు. ఆ తర్వాత అప్రైజల్‌లో నా రేటింగ్ పడిపోయింది. చట్టం నా వైపు ఉందా? ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుందా? ఇంట్లో ఇంకా చెప్పలేదు, వాళ్లకి తెలిసిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చట్టంలో మీకు బలం ఉంది. అయితే అది ఎక్కడ ఉందో ముందు తెలుసుకోండి, ఎందుకంటే చాలామంది లేని చోట వెతికి దెబ్బతింటారు. ఫలానా ఉద్యోగిని ఫలానా సర్వనామంతోనే పిలవాలి అని చెప్పే సెక్షన్ మన చట్టాల్లో లేదు. మీరు ఫిర్యాదులో 'నన్ను వారు అని పిలవడం నా చట్టబద్ధ హక్కు' అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే, కంపెనీ వకీలు ఏ సెక్షన్ కింద అని అడుగుతాడు, మీరు అక్కడే ఆగిపోతారు. ఒక మనిషి లింగ గుర్తింపుని పట్టుకుని పనిచేసే చోట రోజూ అవమానించడం, దాన్ని పైవాళ్లు చూస్తూ ఊరుకోవడం, అడిగినందుకు రేటింగ్ తగ్గించడం, ఇవి వివక్ష. వివక్ష మీద మాత్రం చట్టం గట్టిగానే మాట్లాడింది. మీ కేసు అక్కడ నిలబడుతుంది.

ఒక మాట చెప్పనివ్వండి, ఇది కేసుకి కూడా పనికొస్తుంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 'అనుకోను', 'అడిగాను', 'పనిచేస్తున్నాను' అని రాశారు, మీరు ఆడో మగో చెప్పే క్రియ అందులో ఒక్కటి కూడా లేదు. తెలుగులో 'నేను'కీ 'మీరు'కీ లింగభేదం లేదు. చిక్కంతా మూడో మనిషి గురించి మాట్లాడేటప్పుడే వస్తుంది: వచ్చాడు అనాలి, లేదా వచ్చింది అనాలి. అక్కడ కూడా మన భాషలో దారి ఎప్పటినుంచో ఉంది. 'ఫలానా గారు వచ్చారు' అంటే ఆ వచ్చినది ఎవరో ఆ వాక్యం చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. మేనేజర్ గారు వచ్చారు, డాక్టర్ గారు చెప్పారు, జడ్జి గారు అడిగారు అని మీ టీమ్ లీడ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంటూనే ఉంటాడు. కొత్త వ్యాకరణం నేర్చుకోలేక ఇబ్బంది పడుతున్నామని కంపెనీ చెబితే ఈ ఒక్క మాట చాలు. మనిషిని పట్టుకుని 'అది' అనడం తెలుగులో పొరపాటున దొర్లే మాట కాదని తెలుగు వచ్చిన ఏ విచారణాధికారికైనా విడమర్చి చెప్పక్కర్లేదు. ఫిర్యాదులో ఆ మాటని అనువాదం చేయకుండా, అతను అన్నది అన్నట్టే తెలుగులోనే రాయండి.

ఇక చట్టం. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో తీర్పు ఇచ్చింది, జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ ఇచ్చిన తీర్పు అది. తన లింగ గుర్తింపు ఏమిటో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదేనని, అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే గౌరవంలో భాగమని, వివక్షని నిషేధించే 15, 16 అధికరణాల్లో ఉన్న లింగం అనే మాటలోకి లింగ గుర్తింపు కూడా వస్తుందని చెప్పింది. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తాం అనడం చెల్లదని కూడా అందులోనే ఉంది. 2017లో తొమ్మిది మంది జడ్జీల బెంచ్ ఇచ్చిన గోప్యత తీర్పు దీనికి ఇంకా బలం ఇచ్చింది, మీ మూడో ప్రశ్నకి అది కావాలి, చివర్లో వస్తాను.

అయితే ఆ అధికరణాలు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి, ప్రైవేటు కంపెనీ మాకేం సంబంధం అనొచ్చు. అందుకే 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం మీకు ముఖ్యం. అది 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సంస్థ అనే మాటలోకి కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు, సొసైటీలు, ట్రస్టులు అన్నీ వస్తాయి. 3వ సెక్షన్ ఉద్యోగం నిరాకరించడాన్ని, ఉద్యోగం నుంచి తీసేయడాన్ని, ఉద్యోగంలో అన్యాయంగా చూడడాన్ని నిషేధిస్తుంది. 9వ సెక్షన్ నియామకం, ప్రమోషన్, వాటికి సంబంధించిన ఏ విషయంలోనూ వివక్ష చూపొద్దంటుంది. 11వ సెక్షన్ ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలంటుంది.

నాన్‌బైనరీ అనే మాట ఆ చట్టంలో ఉందా అని మీ కంపెనీ తప్పకుండా అడుగుతుంది. ఆ మాట లేదు. 2019లో పార్లమెంటు ఆమోదించిన నిర్వచనంలో 'జెండర్‌క్వీర్' అనే మాట ఉంది, ఆడ మగ చట్రంలో ఇమడని వాళ్లందరికీ వాడే మాట అది, దాని కిందే మీలాంటి వాళ్ల తరఫున వాదన వచ్చేది. కానీ నా అభిప్రాయం ఏమిటంటే, కేసు మొత్తం ఒక్క నిర్వచనం మీద పెట్టకండి. చట్టాలకి సవరణలు వస్తుంటాయి, ఫిర్యాదు పంపే రోజున అమల్లో ఉన్న పాఠాన్ని మీ వకీలు ఎదురుగా పెట్టుకుని రాయాలి. దానితోపాటు నల్సా తీర్పుని, మీ కంపెనీ సొంత ప్రవర్తనా నియమావళిని కూడా ఫిర్యాదులో నిలబెట్టండి. చాలా కంపెనీల నియమావళిలో లింగ గుర్తింపు ఆధారంగా వేధింపు కుదరదు అని ఎక్కడో ఒక లైను ఉంటుంది. ఆ లైను వాళ్లే రాసుకున్నది, దాన్ని కాదనడం వాళ్లకి కష్టం. ఇంట్రానెట్‌లో వెతికి, ఆ పేజీ దాచుకోండి.

సర్టిఫికెట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే హెచ్‌ఆర్ వాళ్లు మిమ్మల్ని ఇక్కడే ఇరికించారు. 2019 చట్టం ప్రకారం గుర్తింపు ధ్రువపత్రం జిల్లా మెజిస్ట్రేట్ ఇస్తారు, అంటే మన దగ్గర కలెక్టర్. దానికి కేంద్ర ప్రభుత్వ పోర్టల్ 2020 నవంబర్‌లో మొదలైంది. ఆ పత్రం అధికారిక రికార్డుల్లో లింగం మార్చుకోవడానికి. పాన్ కార్డు దరఖాస్తులో 2018 నుంచి ట్రాన్స్‌జెండర్ అనే గడి ఉంది, ఆధార్‌లోనూ ఉంది. జీతం, పీఎఫ్, పన్ను, ఇవి మీ అధికారిక పేరుతో, అధికారిక రికార్డుతో సరిపోవాలి కాబట్టి అక్కడ కంపెనీ కాగితం అడగడంలో అర్థం ఉంది. కానీ మీరు అడిగింది అది కాదు కదా. మెయిల్‌లో కనిపించే పేరు, ఐడీ కార్డు మీద 'మిస్' తీసేయడం, మీటింగ్‌లో మర్యాదగా పిలవడం, వీటిలో ఏ ఒక్కదానికీ కలెక్టర్ సంతకం అక్కర్లేదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చమని ఎవరైనా అడిగితే కంపెనీ మెయిల్ పేరు ఆ సాయంత్రానికే మార్చేస్తుంది.

మీలాంటి సమస్యతోనే వచ్చిన ఒకరి ఐడీ కార్డు నాకింకా గుర్తుంది. ప్లాస్టిక్ పొర మీద పేరు ముందున్న 'మిస్' అనే రెండక్షరాల్ని పిన్నుతో గీకి గీకి చెరిపేశారు, అక్కడ తెల్లటి మరక మిగిలింది, దాని పక్కన పేరు మాత్రం నిండుగా ఉంది. కార్డు పాడుచేశారని కంపెనీ మెమో ఇచ్చింది. మేము రాసిన జవాబు ఒక్క పేజీ: ఐడీ కార్డు మీద సంబోధన ఉండాలని మీ ఏ రూల్‌లో ఉందో చూపించండి అని. అలాంటి రూల్ వాళ్ల దగ్గర లేదు. రెండు వారాల్లో పేరు మాత్రమే ఉన్న కొత్త కార్డు వచ్చింది, మెమో వెనక్కి తీసుకున్నారు. అన్నీ ఇంత తేలిగ్గా తెగవు, కానీ మొదట అడగాల్సింది ఆ ప్రశ్నే.

మనుషుల గుర్తింపుని రిజిస్టర్లలో బంధించే అలవాటు మనకి పాతదే. నిజాం కాలపు 1329 ఫస్లీ చట్టం, అంటే 1919 నాటిది, హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టర్‌లో రాసిపెట్టమనేది, వారెంట్ లేకుండా పట్టుకోనిచ్చేది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది. వందేళ్లు పట్టింది. ఆ తీర్పు చదివితే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది, వీలైతే చదవండి.

టీమ్‌లో ఎవరైనా మాట తడబడి 'ఆమె' అనేసి వెంటనే సర్దుకుంటే అది కేసు కాదు, ఏ అధికారీ దాన్ని తప్పుపట్టడు, మీరూ పట్టకండి. వాళ్లే రేపు మీ సాక్షులు. తేడా ఎక్కడంటే, చెప్పిన తర్వాత, మళ్లీ మళ్లీ, నలుగురి ముందు, నవ్వించడానికి. మీ టీమ్ లీడ్ మాటల్లో ఈ నాలుగూ ఉన్నాయి.

కాబట్టి ముందు ఒక డైరీ పెట్టండి. తేదీ, టైము, మీటింగ్ పేరు, అన్న మాట, విన్నవాళ్లు. మీరు ఆరు నెలల కింద పంపిన మెయిల్, హెచ్‌ఆర్ జవాబు, చాట్ స్క్రీన్‌షాట్లు, గత మూడేళ్ల అప్రైజల్ కాగితాలు విడిగా దాచుకోండి. సర్టిఫికెట్ తెమ్మన్నది నోటిమాటగానే అయితే, 'ఫలానా రోజు మీరు ఇలా చెప్పారు, సరిగ్గానే అర్థం చేసుకున్నానా' అని హెచ్‌ఆర్‌కి ఒక చిన్న మెయిల్ పెట్టండి. జవాబు వచ్చినా సాక్ష్యమే, రాకపోయినా సాక్ష్యమే. రేటింగ్ విషయంలో ఫిర్యాదుకి ముందు రేటింగ్, తర్వాత రేటింగ్ పక్కపక్కన పెట్టి, మధ్యలో పనిలో ఏం మారిందో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. వాళ్లు కారణం చూపలేకపోతే ఆ ఖాళీయే మాట్లాడుతుంది.

తర్వాత ఫిర్యాదుల అధికారికి రాతపూర్వక ఫిర్యాదు. 2019 చట్టం కింద వచ్చిన 2020 నియమాల ప్రకారం అందిన 15 రోజుల్లో విచారించాలి, నివేదిక వచ్చాక సంస్థ అధిపతి మరో 15 రోజుల్లో చర్య తీసుకోవాలి. అలాంటి అధికారి ఎవరో తెలియదంటే ఫిర్యాదు నేరుగా సంస్థ అధిపతికే పంపి, 11వ సెక్షన్ కింద ఎవరిని నియమించారో చెప్పమని మొదటి వాక్యంలోనే అడగండి. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు రెండు స్కూళ్లలో ఉద్యోగం పోయిన ఒక ట్రాన్స్ మహిళా టీచర్ కేసులో, ఈ చట్టాన్ని ప్రభుత్వాలు అమలు చేయకుండా వదిలేశాయని గట్టిగా మందలించింది, ఆమెకి పరిహారం ఇమ్మంది, సమాన అవకాశాల విధానం తయారు చేయడానికి ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఆశా మీనన్ అధ్యక్షతన కమిటీ వేసింది. మీ ఫిర్యాదులో దీన్ని ప్రస్తావించండి, చదివేవాళ్లు జాగ్రత్తపడతారు.

లైంగిక వేధింపుల కమిటీకి వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తారు. ఆ 2013 చట్టం బాధిత మహిళల కోసం రాసింది, అక్కడ మొట్టమొదట వచ్చే ప్రశ్న మీరు మహిళేనా అని. మీరు వద్దన్న మాటనే మీ చేత చెప్పించే దారి అది, వేరే దారి ఉండగా అటు వెళ్లకండి. పోలీసుల దగ్గరికి ఇప్పుడే వద్దు. 2019 చట్టంలో 18వ సెక్షన్ మాటలతో, మానసికంగా హింసించడాన్ని కూడా నేరంగా పెట్టింది, ఆమోదించిన రూపంలో 6 నెలల నుంచి 2 ఏళ్ల శిక్ష. కానీ స్టేషన్‌కి వెళ్లాక కంపెనీ మీతో మాట్లాడడం మానేసి వకీళ్లతోనే మాట్లాడుతుంది. బెదిరింపో, చేయి చేసుకోవడమో జరిగితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఉద్యోగం పోదని నేను హామీ ఇవ్వలేను, ఏ వకీలూ ఇవ్వలేడు. ఫిర్యాదు రికార్డులో ఉన్నాక తీసేస్తే అది కక్షసాధింపులా కనిపిస్తుందని వాళ్ల వకీలుకీ తెలుసు, అందుకే రాతలో పెట్టడం మీకు రక్షణ. రాజీనామా మాత్రం ఎంత ఒత్తిడి చేసినా, 'నువ్వే రాసిస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం' అన్నా రాయొద్దు. ఆ రోజు నాకో, మీ ఊళ్లో ఉన్న వకీలుకో ఫోన్ చేసి, ఆలోచించుకోవడానికి టైము కావాలని మెయిల్ పెట్టి ఇంటికి వెళ్లిపోండి.

ఇంట్లో తెలుస్తుందా అన్నారు. ఉద్యోగి లింగ గుర్తింపుని గోప్యంగా ఉంచే విషయం సంస్థ సమాన అవకాశాల విధానంలో ఉండాలని 2020 నియమాలు చెబుతున్నాయి, 2017 గోప్యత తీర్పు దాని వెనక ఉంది. ఫిర్యాదు చివర్లో ఇలా రాయండి: 'ఈ ఫిర్యాదు సంగతి విచారణలో ఉన్నవాళ్లకి తప్ప ఎవరికీ, నా కుటుంబ సభ్యులకి కూడా, నా రాతపూర్వక అనుమతి లేకుండా చెప్పకూడదు.' కంపెనీ రికార్డులో అత్యవసర కాంటాక్టుగా అమ్మదో నాన్నదో నంబరు ఉంటే, ఫిర్యాదు పంపడానికి ముందే మీరు నమ్మే స్నేహితుల నంబరుతో మార్చుకోండి. ఉత్తరాలు ఇంటి అడ్రసుకి కాకుండా మెయిల్‌కే పంపమని అడగండి, ఆ మెయిల్ ఆఫీసుది కాకుండా మీ సొంతది ఇవ్వండి, ఎందుకంటే గొడవ ముదిరిన రోజున ఆఫీసు అకౌంట్‌ని వాళ్లు ఏ క్షణమైనా ఆపేయగలరు.