పెళ్లి కాకుండా ఒకే ఇంట్లో

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, వేరే కులానికి చెందిన అమ్మాయితో పెళ్లి కాకుండానే ఒకే ఇంట్లో ఉంటున్నాడు. ఇది నేరమా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: కాదమ్మా. ఇద్దరూ మేజర్లు, అవివాహితులు అయినప్పుడు కలిసి ఉండటం నేరం కాదు; పైగా, వివాహం వంటి బంధంలో ఉన్న స్త్రీకి 2005 నాటి గృహహింస చట్టం రక్షణ కల్పిస్తుంది. వారు పెళ్లిని వాయిదా వేయడానికి కారణం నగర జీవితం కన్నా, కులం పేరిట ఇరువైపులా ఎదురవుతుందనుకునే వ్యతిరేకతే కావచ్చునని నా అభిప్రాయం. ఇద్దరూ హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారమే కులాంతర వివాహం చెల్లుతుంది. లేదంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, 30 రోజుల గడువు ముగిశాక, ముగ్గురు సాక్షుల ఎదుట చేసుకోవచ్చు. బంధువుల మాట తర్వాత చూడవచ్చు గాని, ముందుగా ఆ అమ్మాయిని భోజనానికి పిలవండి.