బెంగళూరులో ‘పీజీలో ఉంటున్నా’ అంటే ఏమిటి?

మీ అబ్బాయి ఫోన్‌లో ‘మారతహళ్లిలో పీజీలో ఉంటున్నా’ అంటే మళ్లీ చదువులో చేరాడా అని అడిగారు. కాదండి, అది పేయింగ్ గెస్ట్. పేయింగ్ అంటే డబ్బు కట్టే, గెస్ట్ అంటే అతిథి. డబ్బు కట్టే అతిథి! మన లెక్కలో ఈ రెండు మాటలూ ఒకచోట ఇమడవు కానీ, ఒకప్పుడు అర్థం సరిగ్గా అదే: ఒక కుటుంబం తమ ఇంట్లో గది ఇచ్చి, భోజనం పెట్టి, నెలకింత తీసుకోవడం.

ఇప్పుడు బెంగళూరులో పీజీ అంటే చాలావరకు ఐదారంతస్తుల బిల్డింగే. ఇద్దరికో ముగ్గురికో ఒక గది, రెండు పూటలా తిండి. హైదరాబాద్ అమీర్‌పేటలో దీన్నే హాస్టల్ అంటాం. ‘పీజీలో దిగాను’, ‘పీజీ మారాను’ అంటే ఇదే. ‘పీజీ చేస్తున్నా’ అంటే మాత్రం చదువే.