వానాకాలం ఫ్లూ: టీకా ఎప్పుడు, మాత్ర ఎప్పుడు, ఆసుపత్రికి ఎప్పుడు

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో షుగర్ ఉన్న 68 ఏళ్ళ అమ్మగారు, ఐదో నెల గర్భంతో మీ ఆవిడ, నాలుగేళ్ళ పాప. ఏటా వానలు మొదలవగానే ఇంటిల్లిపాదీ దగ్గు, జ్వరాలతో మంచం పడుతున్నారు. ఫ్లూ టీకా వేయించాలా? మళ్ళీ కరోనా లాంటిది వస్తే ఇంట్లో ముందే ఏం సిద్ధం చేసి పెట్టుకోవాలి?

వేయించాలి. వాళ్ళ ముగ్గురికీ వేయించండి, మీరూ వేయించుకోండి. రోజూ ఆఫీసుకి, బజారుకి వెళ్ళి జబ్బును ఇంట్లోకి మోసుకొచ్చేది ఎక్కువగా మీరే. ఇక మిగతాదంతా ‘ఎప్పుడు’ అన్నదాని మీదే ఆధారపడి ఉంది. ఫ్లూ విషయంలో మనవాళ్ళకి జరిగే నష్టంలో చాలా భాగం ఆలస్యం వల్ల జరిగేదే.

అమెరికా లెక్కన రాసినవి చదివి చాలామంది టీకాకి అక్టోబరు దాకా ఆగుతారు. అక్కడ ఫ్లూ చలికాలపు జబ్బు. మన దగ్గర అది వానలతో పాటు వస్తుంది, జులై నుంచి సెప్టెంబరు వరకు ఉధృతంగా ఉంటుంది. జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి లేస్తుంది. 2015లో స్వైన్ ఫ్లూ తెలంగాణను వణికించింది ఆ రెండో విడతలోనే. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. అందుకని మనకి సరైన సమయం ఏప్రిల్, మే నెలలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ రకాల వైరస్‌లతో టీకా చెయ్యాలో ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో చెబుతుంది. సెప్టెంబరు జాబితాతో తయారైన సరుకు మనకి వేసవిలో అందుతుంది. మే దాటిపోయినా ఆగస్టులో అయినా సరే వేయించుకోండి, మానెయ్యకండి. నాలుగు రకాలదా, మూడు రకాలదా అని మాత్రం తల బద్దలు కొట్టుకోవద్దు. ఆ నాలుగోది, బి యమగటా అనే రకం, 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా రుజువుగా కనపడలేదు.

అమ్మగారికి ఒక్క డోసు చాలు. అరమిల్లీలీటరు, భుజం కండకి. న్యుమోనియా తెచ్చే ఒక బాక్టీరియాకి వేసే న్యుమోకోకల్ టీకా సంగతి కూడా అదే రోజు డాక్టరుని అడగండి. ఫ్లూ తర్వాత పెద్దవాళ్ళ ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఆ బాక్టీరియా న్యుమోనియాయే. మీ ఆవిడకి ఏ నెలలోనైనా వేయవచ్చు, కానీ సూదిమందే వేయించాలి. ముక్కులో కొట్టే స్ప్రే టీకాలో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి గర్భిణులకు పనికిరాదు. పుట్టే బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయకూడదు. ఆ ఆరు నెలలూ బిడ్డని కాపాడేది తల్లి నుంచి వచ్చిన రక్షణే. ఇక పాప. తొమ్మిదేళ్ళలోపు పిల్లలకి జీవితంలో మొదటిసారి వేయిస్తున్నప్పుడు 4 వారాల ఎడంతో 2 డోసులు పడాలి. ఒక డోసు వేయించి రెండోది మర్చిపోవడం బాగా జరిగే పొరపాటు. ఏప్రిల్ చివర మొదటిది వేయిస్తే మే చివరికి రెండోది, జూన్ రెండో వారానికి పాప సిద్ధం. వచ్చే ఏడాది నుంచి ఏటా ఒక్కటే.

వేయించే ముందు డబ్బా చేతిలోకి తీసుకుని చూడండి. గడువు తేదీతో పాటు ఏ సీజన్ టీకాయో కూడా దాని మీద ఉంటుంది. పాత సీజన్ సరుకు మిగిలిపోయి తగ్గింపు ధరకి ఇస్తామంటే వద్దనండి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఎండకి పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పనికిరాకుండా పోతుందన్నది చాలామందికి తెలియదు. మామూలు ఇంటి ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి పెట్టిన సిరంజి గడ్డకట్టొచ్చు, ఐసుగడ్డ మీద నేరుగా పెట్టి తీసుకెళ్ళినదీ అంతే. మందుల షాపులో కొని మే నెల ఎండలో ఆసుపత్రికి తీసుకెళ్ళడం కన్నా, నిల్వ ఉన్నచోటే వేయించుకోవడం మంచిది.

చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడటం మామూలే. ‘టీకా వేయించుకున్నాకే ఫ్లూ వచ్చింది’ అనేవాళ్ళుంటారు. సూదిమందులో ఉన్నది చచ్చిన వైరస్ ముక్కలు, దానివల్ల జబ్బు రాదు. రక్షణ తయారవుతున్న ఆ రెండు వారాల్లో అసలు ఫ్లూ గానీ, ఇంకో జలుబు వైరస్ గానీ తగిలితే అలా అనిపిస్తుంది. టీకా వేయించుకున్నా ఫ్లూ రావొచ్చు. ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం బాగా తగ్గుతుంది, మనకి కావలసిందీ అదే. గుడ్డు పడకపోయినా వేయించుకోవచ్చు. గతంలో ఇదే టీకాకి ఊపిరాడనంత తీవ్రమైన రియాక్షన్ వచ్చినవాళ్ళు మాత్రం డాక్టరుని అడగకుండా వేయించుకోకూడదు. అమ్మగారు ఎప్పుడైనా చలికాలంలో అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళేట్టయితే, మేలో ఇక్కడ వేయించుకున్న టీకా బలం అప్పటికి తగ్గుతుంది. అక్కడి సెప్టెంబరు, అక్టోబరు టీకా గురించి ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు జ్వరం వచ్చాక సంగతి. ఫ్లూ జలుబులా మెల్లగా రాదు. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి 102 డిగ్రీలు, ఒళ్ళంతా విరిచేసినట్టు నొప్పులు, పొడిదగ్గు, గొంతునొప్పి. వానాకాలంలో పక్కనే డెంగీ కూడా ఉంటుంది. దగ్గు, ముక్కు కారడం లేకుండా కళ్ళ వెనక నొప్పి, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు ఉంటే అటువైపు అనుమానించాలి. డెంగీ కాదని తేలేదాకా జ్వరానికి, నొప్పులకి పారాసెటమాల్ ఒక్కటే. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ ఇంజక్షన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. పిల్లలకి వైరల్ జ్వరాల్లో ఆస్పిరిన్ ఎప్పుడూ ఇవ్వకూడదు.

మన ప్రభుత్వ మార్గదర్శకాలు స్వైన్ ఫ్లూ రోజుల నుంచి రోగుల్ని ఎ, బి, సి అని విడదీస్తున్నాయి. ఇంట్లో పెట్టుకోవలసిన కొలత ఇదే. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్న ఆరోగ్యవంతుడు ఎ. పరీక్ష అక్కర్లేదు, యాంటీవైరల్ (వైరస్‌ని అణిచే మందు) అక్కర్లేదు, ఇంట్లోనే ఉండి 24 నుంచి 48 గంటల్లో ఎలా ఉందో మళ్ళీ చూసుకోవాలి. తీవ్రమైన జ్వరం, గొంతునొప్పి ఉన్నవాళ్ళు బి. ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, 65 దాటినవాళ్ళు, షుగర్, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు లక్షణాలు తేలికగా ఉన్నా బి కిందికే వస్తారు. అంటే మీ ఇంట్లో ముగ్గురూ బి. వీళ్ళకి ఒసెల్టామివిర్ అనే యాంటీవైరల్ మందు కావాలి, అదీ జ్వరం మొదలైన 48 గంటల్లోపు. వైరస్ ఒంట్లో పెరిగే దశలోనే ఆ మందు బాగా పనిచేస్తుంది. పెద్దలకి 75 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, 5 రోజులు. పిల్లలకి బరువుని బట్టి. 15 నుంచి 23 కిలోల మధ్య అయితే 45 మి.గ్రా. చొప్పున రెండుసార్లు. కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి, అందుకే సొంతంగా వాడకూడదు, దాచిపెట్టుకోనూ కూడదు. భోజనం తర్వాత వేసుకుంటే వికారం తక్కువ. రెండో రోజుకే జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ 48 గంటలూ పోయే తీరు. మొదటి రోజు ‘వాన నీళ్ళు పడ్డాయిలే’, రెండో రోజు వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజక్షన్, మూడో రోజు అజిత్రోమైసిన్, నాలుగో రోజు సెలైను. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చెయ్యదు. ఆయాసం మొదలయ్యాక పెద్దాసుపత్రికి పరిగెడతారు, అప్పటికి మాత్ర పనిచేసే సమయం చాలావరకు దాటిపోయి ఉంటుంది. అమ్మగారికి జ్వరం వచ్చిన రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ‘68 ఏళ్ళు, షుగర్, నిన్న సాయంత్రం నుంచి 102’ అని ఆ మూడు ముక్కలూ ముందే చెప్పండి. ఇలాంటివాళ్ళ విషయంలో పరీక్ష ఫలితం కోసం మందు ఆపరు.

ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, రక్తంతో కూడిన కఫం, పెదవులూ గోళ్ళూ నీలం రంగుకి తిరగడం, బీపీ పడిపోవడం, పిల్లలైతే పాలూ అన్నం ముట్టకపోవడం, ఊరుకోబెట్టినా ఆగని ఏడుపు: ఇవి సి. గంటలు లెక్కపెట్టకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. జ్వరం తగ్గి లేచి తిరుగుతున్న మనిషికి నాలుగో రోజో ఐదో రోజో మళ్ళీ చలి జ్వరం, పచ్చటి కఫం వస్తే అది ఫ్లూ మీద పడిన న్యుమోనియా కావొచ్చు. యాంటీబయాటిక్ అవసరపడేది అప్పుడే, డాక్టరు చూశాక.

పారాసెటమాల్ పెద్దలకి 650 మి.గ్రా., మాత్రకీ మాత్రకీ 6 గంటల ఎడం, రోజుకి 4 మించకుండా. సినారెస్ట్ లాంటి జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది. రెండూ కలిపితే మోతాదు తెలియకుండానే పెరిగిపోతుంది. పాపకి కిలోకి 15 మి.గ్రా. చొప్పున. 16 కిలోలుంటే 240 మి.గ్రా. ఇక్కడే సీసా చూడాలి. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సిరప్ వేరు, 250 ఉన్నది వేరు. మొదటిదైతే తొమ్మిదిన్నర మి.లీ., రెండోదైతే 5 మి.లీ.కి కాస్త తక్కువ. గుర్తుగా సీసా మీద పాప బరువు, మోతాదు మార్కరుతో రాసిపెట్టండి. నాలుగేళ్ళలోపు పిల్లలకి జలుబు సిరప్‌లు ఇవ్వొద్దు. ఆవిరి పట్టడం వైరస్‌ని చంపదు, కుండ తిరగబడి పిల్లలు కాలడం మాత్రం నిజం. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకే. గ్లాసుడు నీళ్ళలో మొత్తం పోస్తే ఉప్పు ఎక్కువై నష్టం. అమ్మగారికి జ్వరంలో షుగర్ పెరుగుతుంది, రోజుకి రెండు మూడుసార్లు చూడండి. తినడం లేదు కదా అని ఇన్సులిన్ సొంతంగా ఆపేయకండి.

జబ్బు మనిషిని కిటికీ ఉన్న గదిలో పడుకోబెట్టి, కిటికీ తెరిచి, ఫ్యాను గాలి బయటికి పోయేలా చూడండి. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, బయటి గాలి తీసుకురాదు. ఒకే గది ఇల్లయితే ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్ళు వచ్చేలా పడుకోవడం కూడా కొంత మేలే. జ్వరం రాకముందు ఒక రోజు నుంచి, వచ్చాక 5 నుంచి 7 రోజుల దాకా అంటుకుంటుంది. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పాపని బడికి పంపండి.

తలుపు గడియలు, కుళాయిలు, రిమోటు మీద ఈ వైరస్ ఒకటి రెండు రోజులు బతకగలదు. తుడవడానికి తాజా బ్లీచింగ్ పౌడరు లీటరు నీళ్ళకి తలకొట్టిన టీస్పూను, లేదా 5 శాతం హైపోక్లోరైట్ ద్రవం 20 మి.లీ. తుడిచాక 10 నిమిషాలు తడిగా ఉండనివ్వాలి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తేస్తే ఫలితం ఉండదు. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. బాత్రూము యాసిడ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది, ఒకే బకెట్టులో రెండూ ఎప్పుడూ పోయకండి.

ఇక మహమ్మారి ప్రశ్న. 2009 మేలో మన దేశపు మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులోనే బయటపడింది. దానికి మన దేశంలో తయారైన టీకా దొరికేసరికి 2010 వచ్చింది. కొత్త వైరస్ వచ్చినప్పుడు మొదటి కొన్ని నెలలు టీకా ఉండదు. కిటికీ, మాస్కు, సబ్బు, గడప దాటకపోవడం, వీటితోనే నెట్టుకురావాలి. అందుకని అమ్మగారి షుగర్, బీపీ మందులు ఎప్పుడూ 30 రోజులకి సరిపడా ఉంచండి, పాత స్ట్రిప్పు ముందు వాడి కొత్తది వెనక పెట్టండి. రెండు థర్మామీటర్లు, పల్స్ ఆక్సీమీటరు, దాని బ్యాటరీలు, మనిషికి అరడజను ఎన్95 మాస్కులు, ఓఆర్‌ఎస్ 10 ప్యాకెట్లు, రెండు వారాల బియ్యం పప్పులు. ఆక్సీమీటరు పెట్టేముందు 5 నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టండి. నెయిల్ పాలిష్, నల్లటి మెహందీ ఉంటే అంకె తప్పొచ్చు. 94 కన్నా తక్కువ నిలకడగా చూపిస్తే ఆసుపత్రికి బయల్దేరాలి. మీరే పడిపోతే అమ్మగారిని చూసుకునే రెండో మనిషి ఎవరో ఇప్పుడే మాట్లాడుకోండి.

పక్షుల ఫ్లూ మన గుమ్మం దాకా వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్ళకి హెచ్5ఎన్1 తేలింది. ఆ మార్చిలో నరసరావుపేటలో రెండేళ్ళ పాప దానితో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని కుటుంబం చెప్పింది. కోడిమాంసం కోస్తున్నప్పుడు పక్కన చేరి మారాం చేసే పిల్లల చేతికి పచ్చి ముక్క ఇవ్వకండి. ముక్క మధ్యలో గులాబీ రంగు పోయేదాకా, 70 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా ఉడికితే కోడి తినడానికి భయం లేదు. మాంసం కోసిన కత్తిపీటని సబ్బుతో కడగకుండా దాని మీదే ఉల్లిపాయ తరగొద్దు. పెరట్లో కోళ్ళు ఒక్కసారిగా చనిపోతే ముట్టుకోకుండా, కాలవలో పారెయ్యకుండా పశువైద్యశాలకి ఫోన్ చెయ్యండి.