క్రెడిట్ కార్డు పోటీ బిల్లు వస్తే చిన్న క్రెడిట్ యూనియన్లకు నష్టమా?

100 బిలియన్ డాలర్ల ఆస్తులు దాటిన సంస్థలకే వర్తించే బిల్లుతో మన ఊరి క్రెడిట్ యూనియన్‌కు, అంటే సభ్యులే యజమానులైన సహకార బ్యాంకు లాంటి సంస్థకు, ఇబ్బంది ఏమిటని అడిగారు. ఉంది, కానీ ప్రకటనల్లో భయపెడుతున్నంత లేదు. అమెరికాలోని ఇల్లినాయిస్‌లో నాకు చిన్న కిరాణా కొట్టు ఉంది, క్రెడిట్ యూనియన్‌లో సభ్యత్వమూ ఉంది. కార్డుతో కొన్న ప్రతిసారీ ఆ కార్డు ఇచ్చిన బ్యాంకుకు కొట్టువాళ్ల నుంచి వెళ్లే స్వైప్ ఫీజు కట్టేదీ నేనే, ఆ ఫీజు మీద కొంత నడిచే సంస్థలో భాగస్వామినీ నేనే. అందుకే ఇరుపక్షాల మాటల్లోనూ సగమే నమ్ముతాను.

సెనేటర్లు డర్బిన్, మార్షల్ ఈ బిల్లును 2022లో, మళ్లీ 2023లో తెచ్చారు. పెద్ద బ్యాంకుల క్రెడిట్ కార్డుకు కనీసం రెండు నెట్‌వర్కులు (చెల్లింపును బ్యాంకుకు చేరవేసే దారులు) ఉండాలి, ఒకటి వీసా, మాస్టర్‌కార్డు కాకుండా వేరేది కావాలి. ఫీజుకు పరిమితేమీ పెట్టలేదు. క్రెడిట్ యూనియన్లలో ఆ 100 బిలియన్ల గీత దాటినది నేవీ ఫెడరల్ ఒక్కటే.

డెబిట్ కార్డుల విషయంలో ఏం జరిగిందో చూస్తే కొంత అర్థమవుతుంది. 2011 అక్టోబరు నుంచి 10 బిలియన్ డాలర్ల ఆస్తులు దాటిన బ్యాంకుల డెబిట్ ఫీజును 21 సెంట్లు, అమ్మకంలో 0.05 శాతం, మోసాల నివారణకు ఇంకో సెంటు దగ్గర ఆపారు. నెల చివర స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుంటే, 100 డాలర్ల బియ్యం, పప్పుల బిల్లుకు 27 సెంట్లు. బాగుంది. 5 డాలర్ల పెరుగు, కొత్తిమీరకు 22 సెంట్ల పైచిలుకు, అంటే దాదాపు నాలుగున్నర శాతం! చిన్న బిల్లులకు నెట్‌వర్కులు అంతకుముందు ఇచ్చిన రాయితీలు ఆ తర్వాత పోయాయి. అన్ని కార్డులకూ ఒకే రేటు ప్లాన్‌లో ఉన్న కొట్లకైతే తగ్గిన సొమ్ము చేరనే లేదు, కొట్టు తరఫున కార్డు చెల్లింపులు నడిపే ప్రాసెసర్ కంపెనీ దగ్గరే ఆగిపోయింది. లాభపడింది సొంతంగా బేరమాడగల పెద్ద గొలుసు దుకాణాలే. క్రెడిట్ కార్డుల్లోనూ అంతే అవుతుందని నా అంచనా.

ఇక యూనియన్ల సంగతి. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు అప్పు మీద 18 శాతానికి మించి వడ్డీ వేయకూడదు, షేర్లు అమ్మి మూలధనం తెచ్చుకునే వీలూ లేదు. ఆదాయ మార్గాలు కొన్నే. కొత్తగా హెచ్-1బీ మీద దిగిన మన కుర్రాళ్లకు క్రెడిట్ చరిత్ర ఉండదు. మా యూనియన్ కాస్త డిపాజిట్ తీసుకుని వాళ్లకు మొదటి కార్డు ఇస్తుంది. అలాంటి కార్డులో మిగిలేది తక్కువ. పెద్దవాళ్ల రేట్లు పోటీతో దిగితే మినహాయింపు ఉన్నవాళ్ల రేట్లూ మెల్లగా దిగుతాయి. అప్పుడు ముందుగా కోత పడేది ఇటువంటి కార్డులకే.

నిజానికి నన్ను ఎక్కువ చికాకు పెడుతున్నది మా రాష్ట్రం 2024లో చేసిన చట్టం. అమ్మకం పన్ను మీద, టిప్పుల మీద ఇంటర్‌చేంజ్ (ఆ స్వైప్ ఫీజులో కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరే భాగం) తీసుకోకూడదంటుంది. బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు కలిసి కోర్టుకెళ్లాయి. 2025 జులైలో మొదలవ్వాల్సింది ఏడాది వాయిదా పడింది. నా కార్డు మెషీన్ బ్యాంకుకు ఒకే మొత్తం పంపుతుంది. అందులో సబ్బులు, అగరుబత్తీల మీద పన్ను ఎంతో దానికి తెలియదు. విడిగా పంపలేకపోతే 180 రోజుల్లోగా కాగితాలు సమర్పించి ఫీజు వెనక్కి అడగాలట. కొన్ని సెంట్ల కోసం ఆ లెక్కలు నేను రాయాలి, అటువైపు చిన్న యూనియన్‌లో ఎవరో కూర్చుని సరిచూడాలి.

మీ యూనియన్ సంగతి తెలియాలంటే క్రెడిట్ యూనియన్లను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ ఎన్‌సీయూఏ వెబ్‌సైట్‌లో దాని త్రైమాసిక నివేదిక చూడండి, ఎవరైనా చూడవచ్చు. అందులో ఫీజుల ఆదాయం ఉంటుంది. కార్డుల వాటా ఎంతో వార్షిక సమావేశంలో నిలబడి అడగండి.