మూడో స్విచ్ పొద్దున్నే ఎందుకు పడిపోతుంది?

ప్రశ్న: అన్నా నమస్తే. హనుమకొండల ఒక డిగ్రీ కాలేజీల నెట్‌వర్క్ నేనే చూసుకుంట. సిస్కో 3750 స్విచ్‌లు నాలుగు స్టాక్ చేసి (అంటె ప్రత్యేక కేబుళ్ళతోని కలిపి ఒకటే స్విచ్ లెక్క) ఉన్నయ్, చివరిదాన్ని మొదటిదానికి కూడ కలిపి రింగ్ మొత్తం కేబుల్ వేసిందే. ఈ మధ్య పొద్దున ఆఫీసు తెరిచే టైమ్‌కు మూడో స్విచ్ మీదున్న కంప్యూటర్లన్నిటికి నెట్ పోయి, నాలుగైదు నిమిషాలకు మళ్ళ వస్తుంది. వెండర్ వచ్చి స్టాక్ కేబుల్ పోయింది, మార్చాలె అంటుండు. లాగ్ (స్విచ్ తాను రాసుకునే చిట్టా) తెరిస్తె అన్నీ పోర్ట్ అప్, పోర్ట్ డౌన్ లైన్లే, పైగా తేదీ మార్చి 24, 1993 అట! ఎక్కడ్నుంచి చదవాలె?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్మీ, కేబుల్‌కు పైసలు ఇప్పుడే కట్టకు.

తేదీ సంగతి ముందు. ఈ పాత మోడళ్ళకు గడియారం సెట్ చేయకపోతే ఆన్ అయినప్పుడల్లా 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడ్తయ్. లైన్ ముందర స్టార్ గుర్తు ఉంటె ఆ టైమ్ నమ్మొద్దని అర్థం. అయితే ఇండ్ల కూడ ఒక ఆధారం ఉంది, మార్చి 24 అంటె మీ మాస్టర్ (స్టాక్ మొత్తాన్ని నడిపే స్విచ్) ఆన్ అయి 23 రోజులైంది, నడుమ రీస్టార్ట్ కాలే. షో క్లాక్ కమాండ్ కొట్టి నీ ఫోన్ టైమ్‌తోని తేడా రాసిపెట్టుకో, ఏ లైన్ ఎప్పటిదో తెలుస్తది.

ఇగ పోర్ట్ లైన్ల గోల. లాగ్ బఫర్ (ఆ లైన్లు దాచే జాగ) మామూలుగ 4096 బైట్లే, నలభై యాభై లైన్లకే నిండిపోతది. 48 పోర్టుల స్విచ్ ఒకటి లేస్తె పోర్టుకు రెండేసి లైన్లు పడ్తయ్, అసలు కారణం చెప్పే లైన్ అప్పటికే కొట్టుకపోయి ఉంటది. అందుకే ఇయ్యాలనే లాగింగ్ బఫర్డ్ 64000 అని కమాండ్ పెట్టి, ఆ జాగ పెంచి రేపు పొద్దుటిదాక ఆగు. అంతవరకు మాస్టర్‌ను మాత్రం రీలోడ్ చెయ్యకు, ఆ బఫర్ ర్యామ్‌ల ఉంటది, రీలోడ్ కొడ్తె మొత్తం పాయె. మనోళ్ళకు ముందు ఆఫ్ చేసి ఆన్ చేసుడు, తర్వాత ఏమైందని అడుగుడు అలవాటు.

రేపు పడిపోయినంక లాగ్‌ల స్టాక్‌మేనేజర్ (STACKMGR అని ఉండే) లైన్లను మాత్రం ఏరుకో. లైన్ల మధ్యన ఉండే అంకె 0 నుంచి 7 దాక తీవ్రత, 0 అన్నిటికంటె సీరియస్. కాని దాన్నే పట్టుకుంటె మోసపోతవ్, ఎందుకంటె పోర్ట్ డౌన్‌కు 3 ఉంటది, స్టాక్ లింక్ పోయిన దానికి 4 ఉంటది, నీకు కావాల్సింది ఆ 4దే.

ఒక్క కేబులే పోతె దాని రెండు కొసలకే, అంటె పక్కపక్కనున్న రెండు స్విచ్‌ల చెరొక స్టాక్ పోర్టుకే డౌన్ పడ్తది, ట్రాఫిక్ రింగ్‌ల అటు తిరిగి పోతది, స్పీడ్ తగ్గుతది గని మూడో స్విచ్ మొత్తం నెట్ పోదు. వెండర్ మాట నీ లక్షణాలకు అతకనిది ఇక్కడనే. అట్ల కాకుంట రెండోది, నాలుగోది రెండూ మూడో దాని వైపు పోర్ట్ డౌన్ అని ఒకేసారి చెప్పి, స్విచ్ 3 రిమూవ్డ్ అని పడి, కొన్ని నిమిషాలకు యాడెడ్ అని వస్తె, మూడోది తానే ఆగి లేచింది. షో వెర్షన్‌ల ఒక్కో స్విచ్‌కు అప్‌టైమ్ వేరుగ ఉంటది, మూడోదానికి గంటల లెక్క, మిగిలినవాటికి రోజుల లెక్క ఉంటె ఇగ అనుమానం అక్కర్లేదు. దాని ఫ్లాష్‌ల కొత్త క్రాష్‌ఇన్ఫో ఫైలు (సాఫ్ట్‌వేర్ కూలినప్పుడు స్విచ్ రాసేది) ఉందా చూడు. ఉంటె సాఫ్ట్‌వేర్ వైపు పో, లేకుంటె కరెంటు. ఆఫీసు తెరిచే టైమ్ అంటున్నవ్ కాబట్టి నా అనుమానమైతె కరెంటు మీదనే, ఏసీనో జిరాక్స్ మిషనో ఆ స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే పెట్టిర్రేమో, ప్లగ్ లూజ్ ఉందేమో చూడు.

ఎట్లున్నా ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద గడియారం సరిచేసేది) పెట్టు, ఒక పాత పీసీల లైనక్స్ వేసి సిస్‌లాగ్ సర్వర్ (స్విచ్ పంపే లాగ్ లైన్లు దాచే మిషన్) చెయ్యి, యూడీపీ 514 పోర్టుకు లాగ్ పోతది, స్విచ్ ఆగినా లైన్లు మిగుల్తయ్.

ప్రశ్న: మా మాస్టర్ స్విచ్‌కు అన్నిటికంటె ఎక్కువ ప్రయారిటీ, 15 ఇచ్చిన. కరెంటు పోయి వచ్చినంక అది మాస్టర్ కాలే, ఎందుకు?
– కరీంనగర్ నుంచి

జవాబు: ప్రయారిటీ మాస్టర్‌ను ఎన్నుకునేటప్పుడే పనికొస్తది. అది తిరిగొచ్చేసరికి వేరేది మాస్టర్‌గ నడుస్తుంటె దాన్ని దించదు, మెంబర్‌గనే చేరుతది. కావాలంటె కాలేజీ, ఆఫీసు లేని టైమ్ చూసి స్టాక్ మొత్తం రీలోడ్ చెయ్యి.