ఏమడిగినా ‘ఊఁ’ అనే పిల్లాడి మనసు తెలుసుకోవాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి: బాబుకి తొమ్మిదేళ్లు, మేధో వైకల్యం, మాటలు కొద్దిగానే వస్తాయి. ఊళ్లో బడిలోనే ఉంచాలా, కాకినాడలో హాస్టల్ ఉన్న ప్రత్యేక పాఠశాలకి పంపాలా అని ఇంట్లో తర్జనభర్జన. భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచరుగారు బాబునే అడగమన్నారు. బాబేమో దేనికైనా ‘ఊఁ’ అంటాడు. వాణ్ని అడిగి ఏం లాభమని మీవారు అంటున్నారు.

లాభం ఉందండి. ‘వద్దు’ అంటే పని ఆగుతుందని బాబుకి నమ్మకం కుదిరేదాకా మాత్రం వాడి ‘ఊఁ’ని లెక్కలో వేసుకోకండి. మన వైపు ఇలాంటి పిల్లల్ని మెచ్చుకోవాలంటే ‘చెప్పిన మాట వింటాడండి, ఏ గొడవా ఉండదు’ అంటారు. నాకైతే ఆ మెప్పు వింటే ఒళ్లు మండుతుంది. ఊఁ అంటే బిస్కెట్టు, ఊహూఁ అంటే కళ్లెర్రజెయ్యడం చూస్తూ పెరిగిన పిల్లాడు ఇంకేం నేర్చుకుంటాడు?

అందుకని పెద్ద ప్రశ్న కొన్నాళ్లు పక్కన పెట్టి, చిన్న చిన్నవాటి దగ్గర వాడి ‘వద్దు’ని చెల్లనివ్వండి. చొక్కా తోసేస్తే వేరేది తియ్యండి. పెరుగన్నానికి మొహం తిప్పేస్తే ఆ పూటకి బతిమాలకండి. మందులు వేసుకోవడం, రోడ్డు మీద చెయ్యి పట్టుకోవడం లాంటివి అసలు అడగొద్దు. అడిగి కాదనేకంటే ‘ఇది తప్పదు నాన్నా’ అనెయ్యడం నయం.

మా అమ్మాయిది ఆటిజం. మాది సఖినేటిపల్లి వైపు. స్పీచ్ థెరపీకి రేవు దాటి నర్సాపురం తీసుకెళ్లేవాళ్లం. కొన్నాళ్లు పోయాక, బయల్దేరదామంటే చాలు నేల మీద కూలబడిపోయేది. పిల్లకి ఇష్టం లేదు మానిపించెయ్యండని మా అత్తగారు, మొండితనం అండి అలవాటవుతుందిలెండని అక్కడివాళ్లు. అప్పుడు మా భవిత టీచరు బొమ్మలతో అడగడం చూపించారు. టాకింగ్ మ్యాట్స్ అని, స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి. చాప మీద ఇష్టం, పర్వాలేదు, వద్దు అని మూడు చోట్లు ఉంటాయి. ఒక్కో బొమ్మా చేతికిస్తే ఎక్కడ పెట్టాలో పిల్లలే పెడతారు. నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

మేం ఓ తువ్వాలు పరిచాం. ఆటో, రేవు, పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ), థెరపీ గది, అక్కడి టీచరు, అద్దం, బంతి, అన్నీ ఫోన్లో ఫోటోలు తీసి జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్లు తీయించాం. గది ఇష్టం కింద పెట్టింది, టీచరునీ ఇష్టం కిందే పెట్టింది. పంటు తీసుకెళ్లి వద్దు కింద పడేసింది. ఇంకో రోజు అడిగినా అంతే. మోటారుసైకిళ్లు పంటు ఎక్కేటప్పుడు ఇనప రేకు చేసే చప్పుడండి, దానికి చెవులు మూసుకునేది! దాంతో దిండి వెళ్లి, చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా బస్సులో చుట్టూ తిరిగి వెళ్లడం మొదలెట్టాం. ఛార్జీ ఎక్కువని మా ఆయన గొణిగారనుకోండి. అమ్మాయి మాత్రం మాకన్నా ముందే చెప్పులేసుకుని కూర్చునేది.

అందుకే ‘బడి ఇష్టమా?’ అని గంపగుత్తగా అడగకండి. గంట చప్పుడు, మధ్యాహ్న భోజనం, బాత్రూమ్, పక్కన కూర్చునే పిల్లాడు, లెక్కల మాస్టారు, ఇలా విడదీసి ఒక్కో ఫోటో ఇవ్వండి. మొదట మీకు జవాబు తెలిసినవే పెట్టండి. తాటిముంజ ఇష్టం కిందా, కాకరకాయ వద్దు కిందా పడ్డాయంటే బాబుకి ఆట అర్థమైనట్టే. రెండూ ఒకే చోట పడితే ఇంకా కాలేదన్నమాట, ఆ రోజుకి ఆపెయ్యండి. మరోసారి అడిగేటప్పుడు చోట్లు అటూ ఇటూ మార్చండి. కొందరు పిల్లలు ఎప్పుడూ కుడివైపే పెడతారు. నోటితో అడిగితే చివర విన్న మాటే తిరిగి అనేవాళ్లూ ఉంటారు. ‘బస్సా, ఆటోనా?’ అంటే ఆటో, ‘ఆటోనా, బస్సా?’ అంటే బస్సు. బొమ్మ ఇచ్చాక నోరు కట్టుకుని మనసులో పది లెక్కపెట్టండి. ఇది అన్నిటికన్నా కష్టం, ముఖ్యంగా నానమ్మలు పక్కనుంటే. వాళ్లని కాసేపు పెరట్లోకి పంపించండి. మాస్టారి గురించి అడిగేటప్పుడు మాస్టారూ ఎదురుగా ఉండకూడదు.

బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లూ ఉన్నాయి, ఐఐటీ బొంబాయి వాళ్ల జెల్లో, చెన్నైవాళ్ల ఆవాజ్ లాంటివి. నా ఓటు కాగితానికే. మా ఇంట్లో ఫోన్ చేతికిస్తే అది క్షణంలో యూట్యూబ్ అయిపోతుంది.

మీవారికి చట్టం కూడా చూపించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 4వ సెక్షన్ ప్రకారం, తమకి సంబంధించిన అన్ని విషయాల్లోనూ అభిప్రాయం చెప్పే హక్కు ఈ పిల్లలకి ఉంది. అందుకు వయసునీ వైకల్యాన్నీ బట్టి కావలసిన సాయం ప్రభుత్వమే అందించాలి. 31వ సెక్షన్ మీ సమస్య గురించే రాసినట్టుంటుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గాని ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకోవచ్చు. ఆ రెండిట్లో ఏదనే ఎంపిక అక్కడ పిల్లవాడి పేరునే ఉంది. బాబు సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యానికి ప్రభుత్వం ఇచ్చేది) శాతం ఎంత వేశారో ఓసారి చూసుకోండి. తువ్వాలు మీద బొమ్మలు పెట్టాక దాన్ని ఫోటో తీసి, తేదీ వేసి, బాబు విద్యా ప్రణాళిక రాసే రోజున టీచరుగారికి ఇవ్వండి. ‘బాబు బాగానే ఉన్నాడు’ అనే ముక్కకన్నా అది వాళ్లకి పనికొస్తుంది.

ఇక కాకినాడ సంగతి. చూడని చోటు గురించి బాబుని అడగడం దండగ. ముందు తీసుకెళ్లండి, వీలైతే రెండోసారి కూడా. క్లాసు గదితో ఆపకుండా మంచం, భోజనాల చోటు, బాత్రూమ్, రాత్రి చూసుకునే ఆయా, అన్నీ వాళ్లనడిగి ఫోటోలు తియ్యండి. ఇంటి ఫోటోలు కూడా కలిపి తువ్వాలు మీద పెట్టించండి. క్లాసు ఇష్టం కిందా మంచం వద్దు కిందా పెట్టాడనుకోండి, హాస్టల్ లేకుండా రోజూ తీసుకెళ్లి తీసుకురావడం కుదురుతుందా, లేదంటే ఊళ్లో బడికే భవిత టీచరు ఎక్కువసార్లు రాగలరా అని మీరిద్దరూ ఆలోచించుకోవచ్చు. చివరికి వాడు వద్దన్నదే చెయ్యక తప్పకపోతే, ఎందుకో అవే బొమ్మలు చూపించి వాడికి చెప్పండి. చెప్పకుండా మాత్రం బస్సెక్కించకండి.